సాక్ష్యం చెప్పిన ఆడవాళ్లే నాకు గురువులు

నా కథలు రెండు వైపుల నుంచీ తిరిగొచ్చేవి. సాహిత్య పత్రికకు పంపితే 'పాస్టరు, ప్రార్థన, బైబిలు మరీ ఎక్కువయ్యాయి, మతప్రచారంలా ఉంది' అని వెనక్కి పంపేవాళ్లు. క్రైస్తవ పత్రికకు పంపితే 'క్రీస్తులో కులం లేదు గదమ్మా, మాదిగ, కమ్మ అని రాస్తే సంఘంలో తగాదాలొస్తాయి. ఆ మాటలు తీసేసి, చివర్లో అందరూ మారుమనసు పొందినట్టు రాసి పంపండి' అనేవాళ్లు. ఒకరికి నా దేవుడు అడ్డం. ఇంకొకరికి నా కులం అడ్డం. రెండూ తీసేస్తే ఇక రాసేందుకు నా దగ్గర ఏం మిగులుద్ది?

రాయాలన్న ప్రేరణ ఎక్కడ్నుంచి వచ్చింది, ఇన్నేళ్లు ఎట్టా నిలబడ్డావు అని కుర్రవాళ్లు నన్ను అడుగుతుంటారు. పెద్ద పుస్తకాలు చదివి రచయిత్రినయ్యానని చెప్తే అబద్ధమవుతుంది. నాకు కథ చెప్పడం నేర్పింది మా మాదిగపల్లె చర్చిలో శనివారం రాత్రి లేచి సాక్ష్యం చెప్పిన ఆడవాళ్లు. ఆ కథను కాయితం మీద పెట్టే తెగువ ఇచ్చింది 1985 తర్వాతి దళిత ఉద్యమం. ఈ రెంటిలో ఏది లేకపోయినా నేను లేను. ఆ సంగతే చెప్తాను.

మాది ఒంగోలు దగ్గర, గుండ్లకమ్మ ఒడ్డున పల్లె. మా పల్లెకి చర్చి ఎట్టా వచ్చిందో చెప్పాలంటే కరువు సంగతి చెప్పాలి. అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ ఎవరెట్ క్లౌ 1866లో ఒంగోలుకొచ్చి కాపురం పెట్టాడు. ఆయనకంటే ముందే ఊళ్లు తిరిగి మా వాళ్లకి మాట చెప్పినవాడు యర్రగుంట్ల పేరయ్య అనే మాదిగాయన. ఇది గుర్తుపెట్టుకోవాలి. 1876-78 కరువులో జనం పిట్టల్లా రాలిపోతుంటే, బకింగ్‌హామ్ కాలువ తవ్వే పనిలో కొంత భాగం క్లౌ కాంట్రాక్టు తీసుకొని కూలి ఇప్పించాడు. గంజి కోసం మతం మారారని మమ్మల్ని ఈనాటికీ ఎగతాళి చేసేవాళ్లున్నారు. కరువు పని నడిచినన్నాళ్లు ఆయన బాప్తిస్మాలు ఇవ్వడం ఆపేశాడని వాళ్లు చెప్పరు. పని ముగిసినాక, 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు.

ఆ లెక్కలో తన తాత ఒకడని మా నాయనమ్మ చెప్పేది. 'చెరువులో కాలు పెట్టనియ్యని మనుషులం. ఏట్లో ముంచి లేపారు మమ్మల్ని' అనేది. ఆమెకు అక్షరం రాదు. క్రీస్తు సిద్ధాంతం ఏందో ఆమెకెవరూ విడమరిచి చెప్పలేదు. నీళ్లలో దిగనిచ్చారన్నది మాత్రం మూడు తరాలు దాటినా మర్చిపోలా.

చేరినవాళ్లకి మిషను మూడు షరతులు పెట్టింది. చచ్చిన గొడ్డు మాంసం తినకూడదు. విగ్రహాలకు మొక్కకూడదు. ఆదివారం పని చెయ్యకూడదు. మూడోది వినడానికి చిన్నదే. కానీ ఏడు రోజులూ ఆసామి పిలిస్తే ఉరికే మాదిగోడు 'ఈ ఒక్కరోజు నాది' అన్నాడంటే ఊరు ఊరుకుంటుందా? మా నాయనమ్మ చెప్పిన కథల్లో సగం ఆదివారం కథలే. కళ్లాల కాలంలో ఆదివారం పనికి పోలేదని దోవ మూసేసిన కథ. కోతలప్పుడు పోలేదని బాకీ అంతా ఒక్కసారి కట్టమన్న కథ. భక్తి అని పేరే గానీ నాకు వాటిలో సమ్మె కనపడుద్ది.

మా నాన్న బోధకుడు. పగలు చర్చి పాకలో పిల్లలకు చదువు, సాయంత్రం ప్రార్థన. జీతం పేరుకే. పల్లెవాళ్లు కుంచమో మానికో కొలిచి తెచ్చే గింజలే కూడు. మా అమ్మ పొగాకు పనికి పోయేది. మూడో తరగతి నుంచే నాకు బైబిలు చదివే పని పడింది. చదువురాని ఆడవాళ్లు ఇంటికొచ్చి 'అమ్మాయ్, ఆ బాయి కాడ ఆడమనిషి సంగతి చదువు' అనేవాళ్లు. సమరయ స్త్రీ కథ. అంటు పాటించే కులంలో పుట్టినాయన, అంటరాని ఆడదాన్ని నీళ్లడిగిన కథ. నేను చదువుతుంటే మధ్యలో ఆపి 'ఎండనబడి ఒక్కతే ఎందుకొచ్చిందో తెలుసా? మిగతా ఆడోళ్లు ఉన్నప్పుడు రానియ్యరు' అని ఒకామె అర్థం చెప్పేది. తర్వాత కాలంలో పెద్ద పెద్ద వ్యాఖ్యానాలు చదివాను. ఆమె చెప్పినదానికంటే ఎక్కువ తెలిసింది లేదు.

ఇక సాక్ష్యాలు.

శనివారం రాత్రి కూడిక. పొగాకు గ్రేడింగు నుంచీ, కలుపుల నుంచీ వచ్చి, పిల్లలకింత బువ్వ పెట్టి, స్నానాలు చేసి చేరేవాళ్లు. పెట్రోమాక్సు లైటు చుట్టూ పురుగులు. రెండు పాటలయినాక 'ఎవరన్నా సాక్ష్యం చెప్తారా' అని మా నాన్న అడిగేవాడు. కాసేపు ఎవరూ లెయ్యరు. ఆ తర్వాత చెంగు నెత్తిన కప్పుకొని ఒకామె లేస్తది. 'దేవుడికి స్తోత్రం, సంఘానికి వందనాలు. నాకు చదువు రాదు, నలుగుర్లో మాట్టాడ్డం రాదు' అని మొదలుపెడతది. అంతమాట అన్నది గంటసేపు మాట్టాడుద్ది, ఒక్కరు కదలరు.

ఒకామె తన బిడ్డ జ్వరం సంగతి చెప్పింది. నాకప్పుడు పదేళ్లుంటాయి. బిడ్డకు జ్వరమొచ్చిందని చెప్పి ఊరుకోలేదామె. పొగాకు బేరన్ దగ్గర ఆకు కర్రలకు కడుతుండగా కబురొచ్చిందంట. మేస్త్రీ పంపలేదంట. పొద్దుగూకినాక లెక్క చూసి, మధ్యలో రెండుసార్లు చెయ్యి ఆపావని కూలి తగ్గించాడంట. ఆ తగ్గిన కూలి చెంగున కట్టుకొని, బిడ్డను భుజాన వేసుకొని ఊళ్లో డాక్టరు దగ్గరికి పోతే తలుపు తియ్యలేదంట. తిరిగొచ్చే దోవలో ఏం జరిగిందో ఇట్టా చెప్పింది:

'బతికున్న బిడ్డ మెడ పట్టుకుంటదమ్మా. చింతచెట్టు దాటినాక పట్టు ఇడిసింది. నాకు తెలిసిపోయింది. అయినా ఇంటిదాకా బిడ్డతో మాట్టాడుకుంటానే వచ్చా.'

అంతే. ఏడవలేదు. 'ఇంతవరకు నడిపించిన దేవుడికి స్తోత్రం' అని కూర్చుంది. కథలో దుఃఖమని రాయకుండా దుఃఖం చెప్పడం ఎట్టాగో ఆ రాత్రి విన్నాను. కూలి ఎంత తగ్గిందో చెప్పాలి. చింతచెట్టు ఎక్కడుందో చెప్పాలి. బిడ్డ చెయ్యి ఎప్పుడు జారిందో చెప్పాలి. ఆ తర్వాత కూర్చోవాలి. శిల్పం గురించి పుస్తకాలు రాసినవాళ్లు ఇదే చెప్తారని చాన్నాళ్లకు తెలిసింది.

ఆ సాక్ష్యానికి ఒక గోడ కూడా ఉండేది. ఆమె మేస్త్రీ అంది గానీ మేస్త్రీ పేరు చెప్పలా. బేరన్ ఎవరిదో చెప్పలా. ఎవరైనా చెప్పబోతే సంఘ పెద్ద ఒకాయన గట్టిగా 'స్తోత్రం!' అనేవాడు. వెంటనే పాట ఎత్తుకునేవాళ్లు. కూలి ఎగ్గొట్టినవాడు సాక్ష్యంలో 'సాతాను శోధన' అయ్యేవాడు. కొట్టినవాడు 'శ్రమ' అయ్యేవాడు. ఆ పెద్దాయన చెడ్డవాడు కాదు. చర్చి మెట్టు దిగితే ఆసామి పొలం గట్టే. ఆ గట్టు మీద నడవనివ్వకపోతే ఆదివారం చర్చికి వచ్చే దోవ లేదు. పేరు బయటికొస్తే మర్నాడు పనికి పిలుపుండదు. ఆయన భయం అది. కానీ ఆ గోడ దగ్గర ఆగిపోయిన మాటలన్నీ నా లోపల పోగుపడ్డాయి.

1985 జూలైలో ఆ గోడ పగిలింది. టీచరు ట్రైనింగు అయి మిషన్ స్కూల్లో చేరాను. నాకు ఇరవై మూడేళ్లు. కారంచేడు అప్పుడు మా ప్రకాశం జిల్లాలోనే ఉండేది, 2022 నుంచి బాపట్ల జిల్లా అయింది. మాదిగలు తాగే చెరువు నీళ్లను గేదెల కుడితితో పాడు చేస్తుంటే అడ్డం చెప్పినందుకు గొడవ. మున్నంగి సువార్త అనే స్త్రీ చేతిలోని బిందె ఎత్తి ఎదురు నిలబడింది. మర్నాడు, జూలై 17న, కమ్మ భూస్వాములు మాదిగపల్లె మీద పడి ఆరుగురిని చంపారు.

'హరిజనులపై దాడి' అని పేపర్లు రాశాయి. నేను పేర్లు చదివాను. సువార్త. చనిపోయినవాళ్లలో మోషే. సాక్షుల్లో అలీసమ్మ. మా చర్చి హాజరుపట్టీ చదువుతున్నట్టుంది. చచ్చిపోయినవాడికి ప్రభుత్వం ఒక పేరు పెట్టింది, పత్రిక ఒక పేరు పెట్టింది. వాడి తల్లి పెట్టుకున్న పేరు మోషే. బానిసల్ని ఐగుప్తు నుంచి నడిపించినవాడి పేరు ఆ తల్లి ఊరికే పెట్టుకుందా?

మా పల్లెవాళ్లం బియ్యం మూటలు కట్టుకొని చీరాల శిబిరానికి పోయాం. అక్కడ కారంచేడు ఆడవాళ్లు జరిగింది చెప్తుంటే కూర్చొని విన్నాను. అదే తీరు. 'నాకు చదువు రాదు' అనడం, పొద్దు ఎక్కడుందో చెప్పడం, ఎవరు ఏ దిక్కు ఉరికారో చెప్పడం. అన్నీ మా శనివారం రాత్రి సాక్ష్యాలే. ఒక్కటే తేడా. వీళ్లు పేర్లు చెప్పారు. కొట్టినవాడిది ఇంటిపేరుతో సహా చెప్పారు. 'స్తోత్రం' అని ఎవరూ మధ్యలో ఆపలేదు. కత్తి పద్మారావు, బొజ్జా తారకం లాంటివాళ్లు నిలబడి ఆ ఏడే దళిత మహాసభ కట్టారు. రాష్ట్రమంతా కదిలింది. నాలో కదిలింది మాత్రం ఆ ఒక్క తేడా దగ్గరే. సాక్ష్యం అంటే దేవుడి ముందు చెప్పేది మాత్రమే అనుకున్నాను. మనుషుల ముందు, కోర్టు ముందు చెప్పేది కూడా అదే మాట.

ఆ మాటకెంత ఖరీదుందో తర్వాత తెలిసింది. ప్రధాన సాక్షి దుడ్డు అలీసమ్మను చంపేశారు. కారంచేడు కేసులో సుప్రీంకోర్టు తీర్పు రావడానికి 2008 డిసెంబరు దాకా పట్టింది. 1991 ఆగస్టు 6న చుండూరులో ఎనిమిది మంది దళితుల్ని చంపి గోతాల్లో కుక్కి కాలవలో పడేశారు. ఆ ఊళ్లోనే ప్రత్యేక కోర్టు పెట్టి 2007లో 21 మందికి యావజ్జీవం వేశారు. 2014లో హైకోర్టు సాక్ష్యాలు నిలవవని అందర్నీ వదిలేసింది. కోర్టుకు చాలని సాక్ష్యం ఎక్కడికి పోవాలి? కళ్లారా చూసిన తల్లి నోట్లో మాట గాలికి పోవాలా? నా కథ అక్కడ మొదలయింది.

బైబిల్లో నాబోతు ద్రాక్షతోట కథ ఉంది. రాజుకు అతని నేల కావాలి. అతను ఇవ్వనన్నాడు. దొంగ సాక్షుల్ని ఇద్దర్ని కూర్చోబెట్టి, అతని మీద నేరం మోపి, రాళ్లతో కొట్టి చంపి నేల తీసుకున్నారు. మా నాన్న ఈ వాక్యం మీద ఎన్నిసార్లు ప్రసంగం చేశాడో. 'దురాశ పనికిరాదు' అని ముగించేవాడు. నా మొదటి కథ ఇదే. నాబోతు మాదిగోడు. తోట లేదు, చెరువు కింద ఎకరం పోరంబోకు. దొంగ సాక్షులు ఊళ్లోనే దొరికారు. మిగతాదంతా చీరాలలో, మా చర్చిలో ఆడవాళ్లు చెప్పిన తీరులోనే రాశాను. ముగింపులో నీతి చెప్పలేదు. నాబోతు పెళ్లాం కోర్టు మెట్ల మీద కూర్చొని చెంగున కట్టిన చిల్లర లెక్కపెట్టుకుంటుంది, తిరుగు బస్సుకు చాలదని తెలుస్తుంది. అక్కడ ఆపాను.

నాలుగుచోట్ల తిరిగి, చివరికి ఒక చిన్న పత్రికలో పడింది. రెండు వారాలకు ఒక పోస్టుకార్డు. సాంఘిక సంక్షేమ హాస్టల్లో ఉండి డిగ్రీ చదివే కుర్రోడు రాశాడు. 'అక్కా, మా హాస్టల్లో రాత్రి గట్టిగా చదివాం. మా అమ్మ కూడా చిల్లర చెంగునే కడుతుంది.' ఇంతే ఉంది. బావుందనీ లేదు, బాలేదనీ లేదు. ఆ తర్వాత నాకు సన్మానాలు అయ్యాయి, శాలువాలు కప్పారు. అవి ఏ బీరువాలో ఉన్నాయో తెలవదు. ఆ కార్డు మాత్రం నా బైబిల్లో రాజుల గ్రంథం దగ్గర ఉంది. ప్రోత్సాహం అంటే పొగడ్త కాదు. నీవు రాసింది నా ఇంట్లో జరిగిందని ఒకడు చెప్పడం.

ఇక 'నువ్వెవరు' అనే ప్రశ్న. ఇది నన్ను ఎక్కువ తొలిచింది. ఒక దళిత ప్రత్యేక సంచికకు కథ పంపితే, ఒకాయన 'మీరు బి.సి.-సి గదా, ఈ సంచికలోకి ఎట్టా వస్తారు' అని అడిగాడు. నవ్వాలో ఏడవాలో తెలవలేదు. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం హిందువు కానివాడు షెడ్యూల్డు కులం కాదు. 1956లో సిక్కుల్ని కలిపారు, 1990లో బౌద్ధుల్ని కలిపారు. క్రైస్తవుల్ని కలపలేదు. మన రాష్ట్రంలో మాకు బి.సి.-సి అని ఒక్క శాతం ఇచ్చారు. మా నాన్న బోధకుడు, దాచడానికేం లేదు. కాబట్టి నేను బి.సి. మా బాబాయి పిల్లలు రికార్డులో హిందూ మాదిగ, కాబట్టి ఎస్.సి. ఒకే వాకిట్లో ఒకే కంచంలో తిన్న పిల్లలం రెండు కులాలయ్యాం. హోటల్లో మాత్రం మా ఇద్దరికీ ఒకే గ్లాసు విడిగా పెట్టారు.

రంగనాథ్ మిశ్రా కమిషన్ 2007లో మతంతో ముడిపెట్టకుండా హోదా ఇవ్వమంది. 2022లో కేంద్రం జస్టిస్ బాలకృష్ణన్ కమిషన్‌ను వేసింది. 2023లో ఆంధ్రప్రదేశ్ శాసనసభ తీర్మానం చేసింది. 2025 ఏప్రిల్లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు, క్రైస్తవం పుచ్చుకున్నవాళ్లకు ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం రక్షణ వర్తించదని చెప్పింది. కులం పేరుతో తిట్టేవాడు నీ మతం ఏందని అడిగి తిడతాడా? కారంచేడులో మోషే అని పేరు చూసి కత్తి దించారా? ఈ సంగతి తీర్పుల్లో ఇమడదు. కథలో ఇముడుద్ది. రికార్డు రెండు ముక్కలు చేసిన మనిషిని ఒక్క మనిషిగా చూపించే చోటు నాకు కథ ఒక్కటే దొరికింది. ఈ పని నేను మానకపోవడానికి పెద్ద కారణం ఇదే.

నాకు ముందు నడిచినవాళ్లు ఉన్నారు. గుర్రం జాషువా 1941లో 'గబ్బిలం' రాశాడు. క్రైస్తవుడివి, నీకు పురాణాలెందుకని చర్చివాళ్లు అడిగారు. అంటరానివాడివి, నీకు పద్యమెందుకని అగ్రహారం అడిగింది. ఆయన రెండూ వదల్లేదు. 'క్రీస్తు చరిత్ర'కు 1964లో సాహిత్య అకాడమీ అవార్డు వచ్చింది. నాకు తిరుగుటపా వచ్చినప్పుడల్లా వినుకొండ నుంచి వచ్చిన ఆ మనిషి గుర్తొచ్చేవాడు. ఆయనకే తప్పలేదు, నేనెంత?

కొలకలూరి ఇనాక్ గారి 'ఊరబావి' చదివినప్పుడు, ఇనాక్ అనే పేరుతోనే ఒక మనిషి తెలుగు కథలో తలెత్తుకొని నిలబడ్డాడన్నదే నాకు సగం బలం. తమిళంలో బామ 1992లో 'కరుక్కు' అచ్చేసింది. కరుక్కు అంటే తాటిమట్ట అంచు, రెండువైపులా కోస్తుంది. కాన్వెంటులో సిస్టరుగా ఉండి, అక్కడ కూడా కులం చూసి బయటికొచ్చిన మనిషి. ప్రభువును వదలకుండానే చర్చిని నిలదీయొచ్చని ఆమె దగ్గర నేర్చుకున్నాను. 2000లో జి. కళ్యాణరావు 'అంటరాని వసంతం' వచ్చింది. కరువు, బకింగ్‌హామ్ కాలువ, మిషను, ఆ తర్వాతి పోరాటాలు. మా నాయనమ్మ చెప్పినవన్నీ తరాల వారీగా నవలలో కనిపించాయి. ఆ రాత్రి నిద్రపోలేదు. ఎం.ఎం. వినోదిని 'బ్లాక్ ఇంక్' కథలు చదివినప్పుడు, నా తర్వాత వచ్చే ఆడపిల్లలు నాకంటే ధైర్యంగా రాస్తున్నారని సంబరపడ్డాను.

ఇంకొక పుస్తకం ఉంది. అది నాకు కోపమూ తెచ్చింది, బలమూ ఇచ్చింది. క్లౌ దొర భార్య ఎమ్మా రౌషెన్‌బుష్ క్లౌ 1899లో 'వైల్ సూయింగ్ శాండల్స్' అనే ఇంగ్లీషు పుస్తకం అచ్చేసింది. చెప్పులు కుడుతూ అని అర్థం. అందులో ఉన్నవన్నీ మాదిగల కథలు. మా ముత్తాతలు లందలో తంగేడు చెక్క నానేసి, ఆరె పట్టుకొని చెప్పులు కుడుతూ కథలు చెప్పుకున్నారు. ఒక దొరసాని విని రాసుకుంది. ఆమె రాయకపోతే అవీ దక్కేవి కావు, ఆ మేలు కాదనను. కానీ చెప్పినవాళ్లు మా వాళ్లు, అట్ట మీద పేరు ఆమెది. జిరాక్సు కాపీ చేతిలో పట్టుకొని ఒకటే అనుకున్నాను. కథ మా జాతికి కొత్త కాదు, దొరల దగ్గర అరువు తెచ్చుకున్నదీ కాదు. కాయితం ఒక్కటే ఆలస్యంగా అందింది.

మా అమ్మకు నా కథలు చదవడం రాదు. చదివి వినిపించమనేది. పొగాకు పని మీద రాసిన కథ చదువుతుంటే 'ఆకు గ్రేడు చేసేటప్పుడు కళ్లు మండుతయ్యి గానీ, ఒళ్లు తిరిగేది కడుపుతో ఉన్నోళ్లకే పిల్లా, అందరికీ రాసినావేంది' అని సరిచేసింది. ఏ విమర్శకుడూ అంత పనికొచ్చే మాట నాకు చెప్పలేదు. పాస్టరమ్మగారు ఒకామె, నేను బడి నుంచొచ్చి రాసుకుంటుంటే మా పిల్లల్ని తీసుకుపోయి బువ్వ పెట్టి పంపేది. 'దేవుడు ఇచ్చిన తలాంతు పాతిపెట్టకు' అనేది. కథ చదివేదో లేదో తెలవదు. ఆ రెండు గంటలు ఇచ్చింది. ఆడది రచయిత్రి కావాలంటే మొదట కావాల్సింది ఆ రెండు గంటలే.

నాబోతు కథను ఒకసారి మా పల్లె స్త్రీల కూడికలో చదివాను. సంఘ పెద్దలు కొందరు కూడా వచ్చారు. చదవడం అయినాక ఒకాయన లేచి 'వాక్యంలో కులం తెచ్చి కలపడం మంచిది కాదమ్మా' అన్నాడు. నేను జవాబు చెప్పబోయేలోపే, వెనకనుంచి ఒక ముసలామె లేచింది. బిడ్డ సంగతి చెప్పినామె. తల నెరిసిపోయింది. 'అయ్యా, కులం ఈ పిల్ల కలపలా. ఆ నేల గుంజుకున్నోడే కలిపాడు. దేవుడికి దాచేదేముంది?' అంది. అని, ఆ రాత్రి బేరన్ ఎవరిదో, మేస్త్రీ ఎవరో పేర్లతో చెప్పింది. ఇరవై ఏళ్లు దాటింది అప్పటికి. ఎవరూ పాట ఎత్తుకోలేదు. కాసేపు అంతా ఊరుకున్నారు. ఆ తర్వాత ఆ పెద్దాయనే లేచి ప్రార్థన చేశాడు, బిడ్డ పేరు ఎత్తి చేశాడు.

కథ వల్ల ఏం జరుగుద్దని అడిగేవాళ్లకు నేను చెప్పగలిగింది ఇదే. నేల తిరిగి రాలేదు, బిడ్డ తిరిగి రాలేదు. మింగిన పేరు నోట్లోనుంచి బయటికొచ్చింది.

క్రైస్తవ కథ అంటే చివర్లో తాగుబోతు మారాలి, అత్త క్షమించాలి, అందరూ మోకాళ్లూనాలి అనుకుంటారు చాలామంది. నాకు పునరుత్థానం మీద నమ్మకం ఉంది. కానీ శుక్రవారం అయిపోకుండా ఆదివారం రాదు. మా పల్లెల్లో ఇంకా శుక్రవారం నడుస్తుంటే నేను కథలో ఆదివారం పెట్టి మోసం చెయ్యను. సిలువ మీద ఆయన కూడా నన్నెందుకు విడిచావని అరిచాడు గదా. ఆ అరుపు సువార్తలోనే ఉంది, ఎవరూ కొట్టెయ్యలేదు. మరి మా అరుపు కథలో ఉంటే తప్పేంది?

చర్చిని కూడా వదలను. మాల చర్చి, మాదిగ చర్చి అని విడివిడిగా కట్టుకున్నాం. పై కులాల నుంచి వచ్చిన క్రైస్తవులు మాతో బల్లలో రొట్టె తీసుకుంటారు గానీ సంబంధం కలుపుకోరు. కొన్నిచోట్ల సమాధుల దొడ్డి కూడా వేరు. చనిపోయినాక పరలోకంలో ఒకటవుతామని చెప్పే మతం, పాతిపెట్టే చోట గోడ కడితే రాయకుండా ఎట్టా ఉంటాం? ప్రేమించేవాళ్లే అడగాలి. బయటివాడు అడిగితే అది దాడి అవుద్ది. నేనడిగితే సాక్ష్యం అవుద్ది.

ఉద్యమంలో ఉన్న తమ్ముళ్లకి ఒక మాట. 'మతం మత్తు, వదిలేసి రండి' అని మా ఆడవాళ్లకి చెప్పకండి. చెరువులో దిగనియ్యని కాలంలో వాళ్లను నిలబెట్టి మాట్టాడనిచ్చిన చోటు అదొక్కటే. ఆ చోటే వాళ్ల మాటను గోడ దగ్గర ఆపింది కూడా. రెండూ చూడండి. ముందు వాళ్లు చెప్పేది వినండి.

హాస్టళ్లలో చదువుకునే పిల్లలకు ఇంకొక మాట. రాయడానికి గొప్ప భాష కావాలని ఆగిపోకండి. ఈ సెలవులకు ఇంటికి పోయినప్పుడు మీ అమ్మ దగ్గరో, నాయనమ్మ దగ్గరో కూర్చోండి. ఏ ఏడు ఏ కూలి ఇచ్చారో, ఏ దోవ మూశారో, ఎవరు మూశారో అడగండి. 'నాకేం తెలుసు, చదువు రాదు' అంటారు. ఊరుకొని కూర్చోండి. ఆ మాట తర్వాతే మొదలవుద్ది. వాళ్ల నోట వచ్చినట్టే రాసుకోండి. చెట్టు పేరు, గట్టు పేరు, మనిషి పేరు వదలొద్దు. రాసింది వాళ్లకే చదివి వినిపించండి. తప్పుంటే వాళ్లు చెప్తారు.

ఉద్యోగం నుంచి దిగి కొన్నేళ్లయింది. కళ్లకి ఆపరేషన్ అయింది. ఇంకా చెప్పాల్సిన పేర్లు నా నోటుపుస్తకంలో చాలా ఉన్నాయి. ఒక్కొక్కటే రాస్తున్నాను.